ముంబయి నడుమ బోరివలి అడవి: చూడవలసిన తీరు

ముంబయి అనగానే ఎవరికైనా సముద్రం, క్రిక్కిరిసిన లోకల్ రైళ్ళు, ఆకాశాన్నంటే భవనాలు గుర్తుకు వస్తాయి. ఆ మహానగరం నడుమనే సుమారు 104 చదరపు కిలోమీటర్ల అడవి ఉన్నదని, అందులో బోనులూ కంచెలూ లేకుండా చిరుతపులులు తిరుగుతున్నాయని చెబితే, పెళ్ళికనో ఆసుపత్రి పనికనో తరచుగా ముంబయి వెళ్ళివచ్చే షోలాపూర్ తెలుగువారిలో కూడా నమ్మని వారున్నారు. నమ్మినవారు సైతం దానిని పిల్లల రైలు, పడవ షికారు గల ఒక పెద్ద పార్కుగానే ఎరుగుదురు. సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం అనే అధికారిక నామం కూడా ఈ భావనకు కొంత కారణం. ‘ఉద్యానవనం’ అనే మాట వినగానే మనసులో పూలమొక్కలు, బెంచీలు మెదలుతాయి. వాస్తవానికి ఇది అడవి. స్థానికులు దానిని నేటికీ ‘బోరివలి నేషనల్ పార్క్’ అనే పిలుస్తారు.

దీని విస్తీర్ణం ఎంతటిదో తెలియాలంటే తెలిసిన చోట్లతో పోల్చి చూడాలి. చెన్నైలోని గిండీ జాతీయ ఉద్యానవనం 2.7 చదరపు కిలోమీటర్లు. హైదరాబాదు జూబిలీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటరు. బెంగుళూరు వద్ద బన్నేరుఘట్ట అడవి బోరివలి కంటే పెద్దదే గాని, అది నగరపు అంచున మొదలై అవతలి అడవులలో కలిసిపోతుంది. బోరివలి సంగతి అట్లా కాదు. పడమట గోరేగావ్, మలాడ్, కాందివలి, బోరివలి, దహిసర్. తూర్పున భాండుప్, ములుంద్, ఠాణే. దక్షిణాన పవయి, ఆరే కాలనీ. ఇన్ని వైపులా ఇళ్ళు వచ్చి అడవి గోడను తాకుతున్నాయి. ఉత్తరాన వసయి ఖాడీ అడ్డు వస్తుంది. ఆ ఖాడీకి అవతల ‘నాగలా’ అనే చిన్న ముక్క మాత్రం ఈ ఉద్యానవనంలో భాగమే. ఈ అడవిలో ఎత్తైన చోటు జాంభుల్‌మాళ్ శిఖరం, 468 మీటర్లు.

పాత రోజులలో దీనికి కృష్ణగిరి ఉద్యానవనమనే పేరు ఉండేది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా తెలుగువారికి ఈ పేరు వింతగా తోచవచ్చు. ఇక్కడి కొండల నల్లరాతిని బట్టి వచ్చిన పేరది. ప్రాకృతంలో ‘కణ్హగిరి’, అదే కాలక్రమేణా ‘కాన్హేరి’ అయింది. ఆ పేరుతోనే అడవి నడిమధ్యన బౌద్ధ గుహలున్నాయి. ఈ అడవిని అర్థం చేసుకోదలచినవారు అక్కడి నుండి మొదలుపెట్టడమే మేలు. ద్వారం దగ్గరి ఆటస్థలాల వద్దనే పూట గడిపి తిరిగివచ్చేవారు అడవిని చూడనట్లే లెక్క.

రాతిలో పట్టిన వాననీరు

ప్రధాన ద్వారం నుండి సుమారు ఆరేడు కిలోమీటర్లు లోపలికి వెళితే కాన్హేరి గుహలు వస్తాయి. ఒకే కొండపై 109 గుహలు. క్రీస్తు పూర్వం ఒకటవ శతాబ్ది నుండి దాదాపు వెయ్యేళ్ళ పాటు తొలుస్తూ, చెక్కుతూ వచ్చిన విహారమిది. కొండ రాయి దక్కను పీఠభూమిలో చాలా భాగాన్ని కప్పిన లావా రాయే. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పొంగిన ఆ లావా ప్రవాహాల చివరి కొసగా భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పే రాళ్ళు రాజమహేంద్రవరం పక్కన కాతేరు వద్ద కనిపిస్తాయి. అంటే ఆ రాతికీ, అరేబియా సముద్రతీరపు ఈ కొండకూ ఒక విధమైన చుట్టరికం ఉన్నదన్నమాట.

మూడవ గుహ పెద్ద చైత్యం. దాని ముంగిట ఇరువైపులా నిలువెత్తుకు ఎన్నో రెట్లుండే బుద్ధ విగ్రహాలు తరువాతి కాలంలో చెక్కినవి. చైత్యం మాత్రం శాతవాహనుల నాటిది. గౌతమీపుత్ర యజ్ఞశ్రీ శాతకర్ణి పాలనాకాలాన్ని పేర్కొనే శాసనం ఈ గుహ వద్ద ఉన్నది. అదే యజ్ఞశ్రీ శాసనం తూర్పు తీరాన చినగంజాంలో కూడా దొరికింది. తూర్పు సముద్రం నుండి పడమటి సముద్రం వరకు ఒకే రాజు పేరు చెక్కి ఉన్నదని పాఠ్యపుస్తకంలో చదివిన విద్యార్థి, ఆ అక్షరాల ముందు నిలబడినప్పుడు ఆ మాటకు అర్థం వేరుగా తోస్తుంది. పిల్లలను తీసుకువెళ్ళేవారు ఈ ఒక్క చోట ఐదు నిమిషాలు ఎక్కువసేపు ఆగవచ్చు.

అయితే కాన్హేరిలో చాలామంది చూడకుండా దాటిపోయేది విగ్రహాలను కాదు, నీటి తొట్లను. దాదాపు ప్రతి గుహ పక్కనా రాతిలో తొలిచిన ఒక తొట్టి ఉంటుంది. శాసనాలలో వీటిని ‘పోఢి’ అన్నారు. కొండ పైభాగాన సన్నని కాలువలు చెక్కి, వాననీటిని ఆ తొట్లలోకి మళ్ళించారు. జూన్ నుండి సెప్టెంబరు వరకు కుండపోతగా కురిసి, తక్కిన ఎనిమిది నెలలు చుక్క రాలని ప్రాంతంలో వందలాది భిక్షువులు కొండపైన నివసించగలిగింది ఈ ఏర్పాటు వల్లనే. కల్యాణ్, సోపారా, చేముల వంటి రేవు పట్టణాల వర్తకులు, గృహస్థులు గుహతో పాటు నీటి తొట్టిని కూడా దానంగా ఇచ్చినట్లు శాసనాలు చెబుతున్నాయి. ఐదవ గుహ వద్ద శిథిలమైన ఒక సంస్కృత శాసనం మరీ విశేషమైనది. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి తరఫున సతేరకుడనే అమాత్యుడు ఇచ్చిన దానం అందులో ఉన్నది. ఆ రాణి శక మహాక్షత్రపుని కుమార్తె. రుద్రదాముడే ఆ తండ్రి అని చరిత్రకారులు పోల్చుకున్నారు. ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకున్న రెండు వంశాల మధ్య జరిగిన వివాహానికి మిగిలిన ఏకైక రాతి సాక్ష్యం ఒక నీటి తొట్టి దానపత్రం!

వానాకాలంలో వెళ్ళినవారికి ఆ కాలువలు పనిచేస్తూ కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ళ కిందటి వాలు ఇప్పటికీ నీటిని తొట్టి వైపుకే నడుపుతుంది.

నగరం తాగిన తొలి కుళాయి నీరు

భిక్షువులు చేసిన పనినే పందొమ్మిదవ శతాబ్దంలో బొంబాయి నగరం పెద్ద ఎత్తున చేసింది. అప్పటివరకు నగరానికి బావులు, చెరువులే ఆధారం. 1854లో వానలు పడక నీటి కరువు వచ్చినప్పుడు పడవల మీద నీరు తెప్పించవలసి వచ్చింది. హెన్రీ కోనీబేర్ అనే ఇంజనీరు రూపొందించిన ప్రణాళిక ప్రకారం 1856లో మిఠీ నది లోయలో ఆనకట్ట పని మొదలై 1860 నాటికి విహార్ జలాశయం సిద్ధమైంది. గొట్టాల ద్వారా నగరానికి వచ్చిన తొలి నీరు అదే. అది చాలక 1879లో తులసీ జలాశయం కట్టారు. నిజాం రాజ్యం నుండి కట్టడపు పనులకు వలస వచ్చి, తమ పేరు మీదుగా కామాఠీపుర అనే పేటనే నిలిపిన తెలుగు కూలీలు స్థిరపడినది ఈ నీరు చేరిన పాత బొంబాయిలోనే. తరువాతి తరంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వచ్చిన పద్మశాలీలు పనిచేసిన వస్త్రపు మిల్లులు ఉన్నదీ అక్కడే.

విహార్, తులసీ జలాశయాలు రెండూ నేటికీ నగరానికి తాగునీరు ఇస్తున్నాయి. ఇక్కడ ఒక లెక్క ఉన్నదున్నట్లు చెప్పుకోవాలి. అడవి గొప్పను చెప్పే వ్యాసాలు కొన్ని ముంబయి దాహమంతా ఈ రెండు చెరువులే తీరుస్తున్నట్లు రాస్తుంటాయి. అది సరికాదు. నగరానికి నీరిచ్చే ఏడు జలాశయాల మొత్తం సామర్థ్యం సుమారు 14 లక్షల 47 వేల మిలియన్ లీటర్లు. అందులో విహార్ వాటా 27,698, తులసీ వాటా 8,046 మిలియన్ లీటర్లు. రెండూ కలిపితే రెండున్నర శాతం లోపే. తక్కిన నీరంతా భాత్సా, వైతరణ వంటి దూరపు జలాశయాల నుండి, అంటే పల్లెల భూముల మీదుగా వస్తున్నది. అయినప్పటికీ నగర సరిహద్దులలోనే, అడవి కాపలాలో నిండే చెరువులు ఇవి రెండే. చుట్టూ చెట్లు లేకపోతే ఏమవుతుందో పక్కనే ఉన్న పవయి చెరువు చెబుతుంది. 1890 ప్రాంతంలో అది కూడా తాగునీటి కొరకే కట్టినది. నీరు తాగడానికి పనికిరాలేదు. ఈ కారణం చేతనే విహార్, తులసీ గట్లకు సందర్శకులను పోనివ్వరు. దూరం నుండి చూసి తృప్తి పడవలసిందే. అధికారులను తిట్టుకునేవారికి ఈ సంగతి తెలిస్తే కోపం కొంత తగ్గవచ్చు.

ఈ కొండలలోనే నగరపు నదులు పుడుతున్నాయి. దహిసర్ నది తులసీ వద్ద మొదలవుతుంది. పోయిసర్, ఓషివరా నదుల మూలాలు కూడా ఇక్కడివే. విహార్, పవయి చెరువుల పొర్లు నీరు మిఠీ నదిగా మారి దాదాపు 18 కిలోమీటర్లు ప్రవహించి మాహిమ్ వద్ద సముద్రంలో కలుస్తుంది. నగరంలో పెరిగినవారికి ఇవి నదులని తెలియదు, మురుగు కాలువలనే అనుకుంటారు. అడవి లోపల దహిసర్ నీరు రాళ్ళ మధ్య అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. ద్వారం దాటి కొంతదూరం పోయేసరికి అదే నీరు నల్లబడుతుంది.

2005 జూలై 26న శాంతాక్రూజ్ వాతావరణ కేంద్రం వద్ద 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన నమోదయింది. మిఠీ పొంగి కుర్లా, కలీనా, బాంద్రా ప్రాంతాలు మునిగాయి. వందలాది ప్రాణాలు పోయాయి. అంత వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కాని నది పైభాగాన చెట్లు ఉన్నచోట నీరు నిదానంగా దిగింది. కిందికి వచ్చేసరికి ఒడ్లను పూడ్చి, మలుపులు తిప్పి, గోదాములు, గుడిసెలు, విమానాశ్రయపు కట్టడాలు నిలిపిన చోట దారి దొరకక ఊరి మీద పడింది. ఆ వేళ సముద్రపు పోటు కూడా తోడయింది. అడవిని చూడదలచినవారు ఒక రోజు అడవిలో, మరొక పూట మాహిమ్ వద్ద మిఠీ వంతెన మీద గడిపితే, ఒకే నీటి రెండు ముఖాలు చూసినవారవుతారు.

చిరుతలతో ఇరుగుపొరుగు

ఈ అడవికి వెళ్ళాలనగానే ఇంట్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న చిరుతపులుల గురించే. ప్రశ్న సబబైనదే. 2015లో కెమెరాలు అమర్చి చేసిన గణనలో 35, 2018లో వెల్లడైన గణనలో 47 చిరుతలు లెక్కకు వచ్చాయి. అడవి విస్తీర్ణంతో చూస్తే ప్రపంచంలోనే చిరుతలు బాగా దట్టంగా ఉన్న చోట్లలో ఇదొకటి. పగటిపూట తారు రోడ్డు మీద నడిచే సందర్శకునికి అది కంటబడటం అరుదు. ఆ మృగం మనిషిని తప్పుకునే తిరుగుతుంది, సంచారం ఎక్కువగా రాత్రివేళనే.

భయానికి మూలం లేకపోలేదు. 2002–2004 మధ్య అడవి అంచు పేటలలో చిరుతలు వరుసగా మనుషుల మీద పడ్డాయి. 2004 జూన్ నెల మరీ భయంకరంగా గడిచింది. చిరుత కనిపించిన చోటల్లా బోను పెట్టి పట్టడం, పట్టినదానిని వేరొక చోట వదలడం ఆనాటి పద్ధతి. బయట పట్టిన చిరుతలను తెచ్చి ఈ అడవిలో వదలడం కూడా జరిగింది. పుణే జిల్లా జున్నర్ ప్రాంతంలో పరిశోధన చేసిన విద్యా ఆత్రేయ వంటివారు ఈ పద్ధతే ప్రమాదాన్ని పెంచుతున్నదని చూపారు. తన ఎల్లలు తెలిసిన మృగం ఏ దారిన మనుషులు వస్తారో, ఏ వేళ తప్పుకోవాలో ఎరిగి ఉంటుంది. దానిని పెరికి తెలియని చోట పడవేస్తే బెదిరిపోయి, ఎదురుపడినవారి మీదికి వస్తుంది. ఖాళీ అయిన చోటికి మరొక కొత్త చిరుత చేరుతుంది. ఈ సంగతి గ్రహించిన తరువాత అటవీశాఖ అనవసరంగా పట్టడం మానింది. 2011లో అటవీశాఖ, పరిశోధకులు, నగర పౌరులు కలిసి ‘ముంబయికర్స్ ఫర్ ఎస్.జి.ఎన్.పి.’ అనే కార్యక్రమం మొదలుపెట్టి పేటలలో, పాఠశాలలలో, పోలీసు ఠాణాలలో ఈ విషయాలు చెప్పసాగారు. దాడులు బాగా తగ్గాయి.

పూర్తిగా ఆగాయని మాత్రం అనకూడదు. 2022 అక్టోబరులో దీపావళి నాడు ఆరే కాలనీలో ఒక పసిబిడ్డ చిరుతకు బలి అయింది. ఇటువంటి వార్త రాగానే అడవి చుట్టూ గోడ ఇంకా ఎత్తు పెంచమనే గొంతులు లేస్తాయి. చిరుత గోడకు ఆగదు. అది ఊరి వైపు రావడానికి ముఖ్య కారణం కుక్కలు, కుక్కలు చేరడానికి కారణం చెత్తకుప్పలు. చిరుతల ఆహారంలో వీధికుక్కల వాటా గణనీయమని పరిశోధనలు చూపాయి. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ చిరుతలు ఏటా సుమారు 1,500 కుక్కలను తింటున్నాయని, తద్వారా సుమారు వెయ్యి కుక్కకాట్లు తప్పుతున్నాయని అంచనా వేసింది. లెక్కలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు గాని, వీధి చెత్త ఎత్తే మునిసిపాలిటీ బండికీ చిరుతదాడికీ సంబంధం ఉన్నదన్న మాట మాత్రం నిజం. అంచు పేటలవారు పాటించే జాగ్రత్తలు సులువైనవే. చీకటి పడిన తరువాత పిల్లలను ఒంటరిగా పంపరు. ఆరుబయట వంగి కూర్చోరు, ఎందుకంటే కూర్చున్న మనిషి చిరుత కంటికి చిన్న జంతువులా కనిపిస్తాడు. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ నడుస్తారు. ఇంట్లో మరుగుదొడ్డి లేక రాత్రివేళ బయటికి పోవలసినవారికి ఈ జాగ్రత్తలు పాటించడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ అడవిలోని వార్లీలు ‘వాఘోబా’ అనే పులిదేవుని కొలుస్తారు. పరిశోధకులు రాకముందే మృగంతో ఇరుగుపొరుగుగా బ్రతకడం నేర్చినవారు వారు.

ఎవరి అడవి

గోడలపై బియ్యపుపిండితో వేసే వార్లీ చిత్రాలు నేడు చీరల మీద, కప్పుల మీద కూడా కనిపిస్తున్నాయి. ఆ చిత్రాలు వేసే జాతివారు, వారితో పాటు మల్హార్ కోళీ, కాత్కరీ వంటి ఇతర గిరిజనులు ఈ అడవి లోపల ‘పాడా’లలో నివసిస్తున్నారు. తెలుగు ఊళ్ళ పేర్ల చివర వచ్చే ‘పాడు’ను ఈ మాట గుర్తుకు తెస్తుంది. ఉద్యానవనంగా ప్రకటించక పూర్వం నుండీ వీరిది ఇక్కడే నివాసం.

వీరు గాక, నగరంలో ఇల్లు దొరకని కూలీలు 1970ల నుండి అడవి అంచుల్లోకి చొచ్చుకువచ్చి గుడిసెలు వేసుకున్నారు. 1995లో బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ అనే సంస్థ హైకోర్టుకు వెళ్ళింది. 1997లో కోర్టు ఆక్రమణలు తొలగించమని ఆదేశించింది. 1995 జనవరి 1కి ముందు నుండి ఉన్నట్లు రుజువు చూపినవారికి, తలకు 7,000 రూపాయలు కట్టించుకొని వేరొక చోట నివాసం ఇవ్వాలన్నది. మొదట చూపినది కల్యాణ్ దగ్గరి స్థలం. అంత దూరం నుండి రోజుకూలికి ఎట్లా రాగలమని చాలామంది పోలేదు. పోరాటం తరువాత చాందివలిలో ఇళ్ళ సముదాయం వచ్చింది. దానికి ‘సంఘర్ష్ నగర్’ అనే పేరు పెట్టుకోవడంలోనే ఆ కథ ఉన్నది. గిరిజనుల విషయంలో ఆక్రమణదారు ఎవరు, ఆదివాసి ఎవరు అనే తగవు నేటికీ తీరలేదు. నగరానికి నీరిచ్చే అడవిలో ఉంటూ, తమ పాడాలో కుళాయి లేక ఏళ్ళ తరబడి మోసుకువచ్చిన వారున్నారు. అడవి మిగలడానికి కోర్టు తీర్పు తోడ్పడిందన్నది కాదనలేము. ఆ మిగలడానికి ఖర్చు ఎవరు భరించారన్న ప్రశ్నను కూడా పక్కకు నెట్టలేము.

పేదవాని గుడిసె ఆక్రమణ అయినప్పుడు పెద్ద పథకం ఏమవుతుందన్న ప్రశ్న ఆరే వద్ద ఎదురయింది. 2019 అక్టోబరులో మెట్రో కార్ల షెడ్డు కొరకు ఆరేలో రెండు వేలకు పైగా చెట్లను రాత్రికి రాత్రి నరకడం మొదలుపెట్టినప్పుడు యువకులు, గిరిజనులు అడ్డుపడి అరెస్టయ్యారు. ప్రభుత్వాలు మారిన కొద్దీ నిర్ణయం మారి, చివరికి షెడ్డు అక్కడే వచ్చింది. 2024 అక్టోబరులో ఆ మెట్రో నడవడం ఆరంభించింది. ఇప్పుడు అడవి కింది నుండి రెండు జంట సొరంగ మార్గాలకు పూనుకున్నారు. ఒకటి గోరేగావ్–ములుంద్ మధ్య, మరొకటి ఠాణే–బోరివలి మధ్య. రెంటికీ 2024 జూలైలో శంకుస్థాపన జరిగింది. సొరంగం కనుక పైన చెట్టు కదలదన్నది ఒక వాదన. సొరంగపు నోళ్ళ వద్ద నేల పోవడం, అడుగున నీటి ఊటలు దారి మార్చుకోవడం గురించిన భయం మరొక వాదన. ఠాణే, భివండీలలో ఉన్న వేలాది తెలుగు కుటుంబాలకు ఘోడ్‌బందర్ రోడ్డు రద్దీ ఎంతటిదో తెలుసు. వారికి ఈ సొరంగం వల్ల గంట సమయం మిగలవచ్చు. తాగే నీటితో, తిరిగే మృగంతో ముడిపడిన అడవి గనుక ఆ గంట విలువ దేనితో తూచాలన్నది తేలిక లెక్క కాదు.

వెళ్ళేవారికి

షోలాపూర్ నుండి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కినవారు తెల్లవారేసరికి దాదర్‌లో దిగవచ్చు. అక్కడి నుండి పశ్చిమ మార్గపు లోకల్‌లో బోరివలి. స్టేషనుకు తూర్పు వైపు దిగితే ప్రధాన ద్వారం నడిచిపోయేంత దూరమే. ఠాణే, భివండీవారు ఘోడ్‌బందర్ మీదుగా రోడ్డున రావచ్చు. సోమవారం ఉద్యానవనం, గుహలు రెండూ మూసి ఉంటాయి. ఇది తెలియక పిల్లాపాపలతో వచ్చి ద్వారం దగ్గర నుండే వెనుదిరిగేవారు ప్రతి వారమూ కనిపిస్తారు. లోపల గుహల వరకు బస్సులు నడుస్తాయి, సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. గుహలు పురావస్తు శాఖవి గనుక వాటికి వేరే టిక్కెట్టు. పిల్లలు ఆశపడే ‘వనరాణి’ చిన్న రైలు 2021 మేలో తౌక్టే తుపానుకు దెబ్బతిని ఆగినది. దాని సంగతి ద్వారం వద్దనే కనుక్కొని, ఆ తరువాతనే పిల్లలకు మాట ఇవ్వడం మంచిది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళడం కంటే పనిదినం పొద్దున్నే, ద్వారం తెరిచిన వెంటనే వెళ్ళడం అన్ని విధాలా మేలు. ఏటా ఇరవై లక్షల వరకు జనం వచ్చే చోటు ఇది. ఎండ ఎక్కేసరికి పక్షులు మౌనం వహిస్తాయి, జనం గొంతు పెంచుతారు. ఇక్కడ 250కి పైగా పక్షిజాతులున్నాయని చెబుతారు. పొద్దున రెండు గంటలు నిశ్శబ్దంగా నడిస్తే అందులో ఇరవై ముప్పై కనిపించినా చాలు. చుక్కల దుప్పి, కణుజు, మొరిగే జింక ఉన్నాయి. దుప్పులు రోడ్డు పక్కనే మేస్తుంటాయి. కోతులు సంచులు లాక్కుంటాయి. అది వాటి స్వభావదోషం కాదు, బిస్కెట్లు పెట్టి నేర్పినది మనుషులే. తినుబండారాలు బయటికి కనిపించకుండా తీసుకువెళ్ళాలి. ప్లాస్టిక్ సంచులు లోనికి అనుమతించరు. శిలోండా వంటి లోపలి కాలిబాటలలో నడవాలంటే అటవీశాఖ అనుమతి తీసుకొని, వారి మార్గదర్శితోనే వెళ్ళాలి. వార్లీ యువకులలో ఈ పని చేసేవారున్నారు. చెట్టు పేరు వారు మరాఠీలో చెబితే, షోలాపూర్ పిల్లలు దానిని తెలుగులో చెప్పగలరేమో చూడవచ్చు. పళస్ అంటే మోదుగ, సాగ్ అంటే టేకు, ఖైర్ అంటే చండ్ర, సావర్ అంటే బూరుగు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకు ఇంతకన్న మంచి పాఠం తరగతి గదిలో దొరకదు.

ఏ కాలంలో వెళ్ళాలన్నది చూడదలచినదానిని బట్టి ఉంటుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నడకకు హాయి. ఫిబ్రవరి, మార్చి నెలలలో మోదుగలు పూస్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఆకురాలి అడవి బోసిగా ఉంటుంది, వేడి ఎక్కువ. జూలై, ఆగస్టులలో కాన్హేరి కొండ మీద అడుగడుగునా జలపాతమే. అప్పుడే రాళ్ళు పాచిపట్టి జారుతాయి. వృద్ధులు ఆ నెలలు మానుకోవడం మంచిది. వానలో ఉప్పొంగే వాగులలోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ముంబయి చుట్టుపక్కల ప్రతి ఏటా ఉంటూనే ఉన్నారు. నీటిని ఒడ్డున నిలిచి చూడడమే శ్రేయస్కరం.

కార్వి అనే పొద ఒకటి ఈ కొండలలో విస్తారంగా ఉన్నది. ఎనిమిదేళ్ళకొకసారి మాత్రమే పూస్తుంది. పూసిన ఏడు కొండ వాలంతా ఊదారంగు తిరిగి, తేనెటీగలతో హోరెత్తుతుంది. పూత ముగిసి విత్తనం పడగానే ఆ మొక్కలన్నీ ఒక్కుమ్మడిగా చనిపోతాయి, మరుసటి వానకు కొత్త మొలకలు వస్తాయి. వార్లీల ఇళ్ళ గోడలు అల్లేది ఎండిన ఈ కార్వి పుల్లలతోనే. దాని మీద పేడ, మట్టి మెత్తి, ఆపైన చిత్రాలు గీస్తారు. ఇక్కడ 2016లో పూసింది. ఆ లెక్క తప్పకపోతే తరువాతి వంతులు 2024, 2032. వెళ్ళదలచినవారు సెప్టెంబరు మాసాన్ని గుర్తుంచుకోవాలి.